బదిలీ ఉద్యోగి – పాత వాహనము – కొత్త నిబంధనలు

రైల్వే, తపాలా ఉద్యోగికి బదిలీ కొత్త కాదు. ఆర్డరు చేతికందిన నాడే సామాను మూటగట్టవలసినదే. ఆ సామానులో స్కూటరు గాని, అర్హత ఉన్నచో కారు గాని ఉన్నప్పుడు, దానిని చేరవేయు ఖర్చును ప్రయాణభత్యపు నిబంధనల మేరకు ప్రభుత్వమే భరించుచున్నది. కాని అదే వాహనము కొత్త రాష్ట్రము చేరిన పిమ్మట మరొక ప్రభుత్వ కార్యాలయపు గుమ్మములో నిలువవలసి వచ్చుచున్నది. ఒక చేతితో మోసి తెచ్చి, మరొక చేతితో గెంటివేయు ఈ విధానమును గురించి మన సభ్యులు ఆలోచింపవలసియున్నది.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రములో రిజిస్టరైన వాహనము మరొక రాష్ట్రములో పన్నెండు నెలలకు మించి ఉన్నచో అక్కడి నెంబరు తీసికొనవలెను. అందుకు 48వ సెక్షను క్రింద పాత రాష్ట్రము నుండి నిరభ్యంతర పత్రము తేవలెను. వాహనములపై పన్ను రాజ్యాంగములోని రాష్ట్ర జాబితాకు చెందినది. కావున జీవితకాలమునకని చెల్లించిన పన్ను సరిహద్దు దాటగానే జీవము కోల్పోవుచున్నది! కొత్త చోట మరల చెల్లించి, పాత చోట వాపసు కొరకు దరఖాస్తు పెట్టుకొని తిరుగవలెను. 2014 జూన్ 2కు పూర్వము విజయవాడ నుండి సికింద్రాబాదుకు బదిలీ ఒకే రాష్ట్రములోని వ్యవహారము; నేడు అది అంతర్రాష్ట్ర వ్యవహారము.

2021 సెప్టెంబరులో అమలులోనికి వచ్చిన భారత్ సిరీస్ నెంబరు ఈ బాధను కొంత తగ్గించినదని అంగీకరింపవలెను. ప్రభుత్వోద్యోగులు అందుకు అర్హులు. మొదట కొత్త వాహనములకే పరిమితమైన ఆ సౌకర్యమును 2022 డిసెంబరు సవరణ పాత వాహనములకు కూడ విస్తరించినది. అయితే అది నెంబరు సమస్యను తీర్చునే గాని, కాలుష్య నిబంధనల సమస్యను తీర్చదు.

ఢిల్లీ ఉదాహరణ తీసికొందము. పదేండ్లు దాటిన డీజిలు వాహనములు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు వాహనములు రాజధాని ప్రాంతములో తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 సంవత్సరములలో ఆదేశించినది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని బలపరచినది. 2025 జూలై 1 నుండి అట్టి వాహనములకు బంకులలో ఇంధనము నిరాకరింపబూని, కొలది దినములలోనే ఆ ప్రయత్నమును నిలిపివేసిరి. అదే ఏడు ఆగస్టులో వయస్సు కారణముగా యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పినది. డిసెంబరులో ఆ రక్షణను భారత్ స్టేజి-4, ఆపై ప్రమాణముల వాహనములకే పరిమితము చేసినది.

వయస్సు నుండి ప్రమాణమునకు వచ్చుట ఒక అడుగు ముందుకు వేయుటయే. కాని ఇక్కడ కూడ ఒక అన్యాయమున్నది. 2010 ఏప్రిల్‌లో స్టేజి-4 హైదరాబాదు, ఢిల్లీ మొదలగు 13 నగరములలోనే అమలైనది. దేశమంతటికీ వచ్చినది 2017 ఏప్రిల్‌లో. 2012లో వరంగల్లులోనో, కర్నూలులోనో కారు కొన్న ఉద్యోగికి స్టేజి-3 బండిని అమ్ముటకు చట్టమే అనుమతించినది. కొన్న ఊరు చిన్నదైనందుకు నేడు అతడు శిక్ష అనుభవింపవలెనా?

మేము స్వచ్ఛమైన గాలికి విరోధులము కాము. లెవెల్ క్రాసింగు వద్ద ఆగిన వాహనముల పొగను గంటల తరబడి పీల్చువాడు మన గేటుమాన్. ఎండలో వీధి వీధి తిరిగి ఆ గాలినే పీల్చువాడు మన పోస్టుమాన్. కఠిన నిబంధనలు మాకును కావలెను. అవి న్యాయముగా ఉండవలెనన్నదే మా వాదన.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము ఈ విషయములో మిక్కిలి కఠినమైనదిగా పేరొందినది. 1966లోనే, ఆ దేశములో అన్నిటికంటె ముందుగా, వాహనముల పొగకు హద్దులు విధించినది. పొరుగు రాష్ట్రము నుండి ఒకరు 1990లలో తయారైన స్పోర్ట్సు కారును అక్కడకు తెచ్చిరనుకొందము. ముసలిదైనదని దానిని తిప్పి పంపరు. కాలుష్యము హెచ్చుగా ఉన్న ప్రాంతములలో దానిని రోలర్లపై నడిపి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులతో పాటు నత్రజని ఆక్సైడులను కూడ కొలుతురు. కాలుష్య నియంత్రణకు కంపెనీ అమర్చిన పరికరములన్నియు ఉన్నవో లేవో చూతురు. నెగ్గినచో నెంబరు ఇత్తురు; నెగ్గనిచో బాగు చేయించుకొని రావలెను. తగాదా వచ్చినచో తేల్చుటకు రిఫరీ ఉన్నాడు. తక్కువ ఆదాయము గల కుటుంబములకు మరమ్మతు ఖర్చులో సహాయము చేయు పథకము కూడ కలదు.

మన దేశములో కాలుష్య సర్టిఫికెటు కొరకు చేయు పరీక్ష ఏపాటిది? పెట్రోలు బండిని నిలిపి ఉంచి గొట్టములో గొట్టము పెట్టి చూచుటయే గాని, నత్రజని ఆక్సైడులను కొలుచుట లేదు. సరిగా కొలువలేని ప్రభుత్వము పుట్టినతేదీని చూచి తీర్పు చెప్పుచున్నది. బాగుగా చూచుకొన్న పాత బండి పోవును. పొగ కక్కు కొత్త బండి తిరుగును.

మరొక విచిత్రము చూడుడు. ఏబది ఏండ్లు దాటిన వాహనములను వింటేజ్ వాహనములుగా రిజిస్టరు చేయుటకు 2021లో ప్రత్యేక నియమములు వచ్చినవి. ప్రదర్శనలకు, ర్యాలీలకే పరిమితము చేసి, 20,000 రూపాయల ఫీజుతో ప్రత్యేక నెంబరు ఇత్తురు. శ్రీమంతుని పాత కారుకు గౌరవము దక్కినందుకు మాకు అసూయ లేదు. కాని సామాన్యుని పదునైదేండ్ల కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజును 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలకు పెంచినవారు, అతడు దానిని విలాసము కొరకు ఉంచుకొనలేదని ఎరుగరా? కొత్తది కొనజాలకనే గదా అతడు పాతదానిని కాపాడుకొనుచున్నాడు! రాత్రి రెండు గంటల డ్యూటీకి బస్సు రాని ఊరిలో ఆ బండియే అతనికి ఆధారము.

కావున మేము కోరునది నాలుగు అంశములు. ఒకటి: బదిలీ ఉద్యోగి వాహనపు పన్నును రాష్ట్రములు తమలో తాము సర్దుబాటు చేసికొనవలెను, ఉద్యోగిని త్రిప్పరాదు. రెండు: వయస్సును కాక, నడిచే వాహనము విడుచు పొగను సక్రమముగా కొలిచి నిర్ణయింపవలెను. మూడు: ఆ నిర్ణయముపై అప్పీలు చేసికొను స్వతంత్ర అధికారి ఉండవలెను. నాలుగు: పరీక్షలో నెగ్గని తక్కువ వేతనపు ఉద్యోగికి మరమ్మతుకో, మార్పిడికో ఆర్థిక సహాయము కల్పింపవలెను.

బదిలీ ఉద్యోగి కోరుకొన్నది కాదు, ప్రభుత్వము తన అవసరము కొరకు చేసినది. దాని భారమును ఉద్యోగి జేబు నుండి వసూలు చేయుట తగదు. ప్రతి శాఖయు ఈ అంశములను తమ సమావేశములలో చర్చించి తీర్మానములు పంపవలసినదిగా కోరుచున్నాము.