మిద్దెమీద ఈత తొట్టి పెట్టే ముందు ఒక్క మాట



సెలవులకు మనవళ్ళు, మనవరాళ్ళు వచ్చారు. కోయంబత్తూరులో మా వీధిలోనే మూడు మిద్దెలమీద ప్లాస్టిక్ ఈత తొట్లు చూశాను. మధురైలో మా చెల్లెలూ ఒకటి కొన్నది. పిల్లల ఆటకు నేను అడ్డు చెప్పను. అయితే రెండు సంగతులు ఆలోచించండి.

మొదటిది బరువు. చదరపు మీటరు చోటులో అడుగు లోతు నీళ్ళు నిలిస్తే సుమారు 300 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు ఐ.ఎస్. 875 ప్రమాణం లెక్కలో వేసుకోమన్నది దాదాపు 150 కిలోలే. రెండడుగులు నింపితే అంతకు నాలుగింతలు! తాతల నాటి మద్రాసు మిద్దెల సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంజనీరును అడగకుండా పైన పెట్టకండి, నేలమీదే పెట్టండి.

రెండోది ప్రాణం. మునిగే బిడ్డ కేక వెయ్యదు. 2021లో ప్రపంచమంతా సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆస్ట్రేలియాలో 30 సెంటీమీటర్లకు మించి నీళ్ళు పట్టే తొట్టి అయితే, మడిచి పెట్టేదైనా సరే, చుట్టూ 1.2 మీటర్ల కంచె ఉండాలి.

"మనం బావిలో దూకి ఈత నేర్చుకోలేదా?" అని ఒక అన్న నవ్వాడు. నేర్చుకున్నాం అన్నా. నడుముకు సొరబుర్ర కట్టి, గట్టున మామయ్యో చిన్నాన్నో కాపలా నిలబడితే నేర్చుకున్నాం. మధురై తెప్పకుళానికి కూడా చుట్టూ రాతిగోడ కట్టే పెట్టారు. నీళ్ళంటే పెద్దలకు భయం లేదు, జాగ్రత్త ఉండేది. ఈ రోజు పిల్లలు తొట్టిలో ఉంటే మన కళ్ళు ఫోన్‌లో ఉన్నాయి.

తొట్టి కొనే ప్రతి ఇంటికీ సంఘం తరఫున నాలుగు మాటలు చెబుదాం. ఒక పెద్ద మనిషి చెయ్యి చాచితే అందేంత దగ్గర కూర్చోవాలి. ఆట అయిపోగానే నిచ్చెన తీసెయ్యాలి. మోటారు వైరు దగ్గర ఉండకూడదు. సాయంత్రానికి నీళ్ళు చెట్లకు పోసెయ్యాలి. వారం నిలిస్తే డెంగీ దోమకు అదే పురిటిల్లు.

కార్పొరేషన్ వాళ్ళు వచ్చి చెప్పేదాకా ఎందుకు? వచ్చే కూటంలో ఈ మాట ముందు పెట్టమని కార్యదర్శిగారిని వేడుకుంటున్నాను. పిల్లలు వచ్చినట్టే నవ్వుతూ తిరిగి వెళ్ళాలి. అంతే నా ఆశ.