ఇంజను ఆగిన తరువాత

సూరత్ జిల్లాలోని పల్సానా ముంబై–ఢిల్లీ జాతీయ రహదారి మీద ఉన్న తాలూకా కేంద్రం. చుట్టూ బట్టల అద్దకపు మిల్లులు. అటువంటి చోట ఒక కారును మూడు రోజులు కదల్చకుండా నిలిపి ఉంచారనుకోండి. నాలుగవ నాడు తాళం తిప్పితే స్టార్టరు మూలిగి ఊరుకుంటుంది. యజమాని బ్యాటరీని నిందిస్తాడు. కాని దోషం తరచు బ్యాటరీది కాదు. కారు కొన్న పిదప అమర్చుకున్న కెమెరాదో, యాంప్లిఫయరుదో అయి ఉంటుంది.

లెక్క సులభమే. ఇంజను ఆగిన తరువాత కూడా పనిచేసే కెమెరా 0.4 ఆంపియరు గ్రహిస్తే, రోజుకు 9.6 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. మూడు రోజులు గడిచేసరికి 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో దాదాపు మూడింట రెండు వంతులు హరించుకుపోతాయి. పెట్టెమీద ముద్రించిన వాట్లు ఈ సంగతి చెప్పవు. కొలిచి చూడవలసిందే.

మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి, ఆ తీగకూ బ్యాటరీ కొనకూ మధ్య మీటరును కలపాలి. మీటరును రెండు కొనలకూ అడ్డంగా కలపడం ప్రమాదకరం. అది షార్ట్ సర్క్యూటే. మీటరు కలిసి ఉండగా స్టార్టరు తిప్పరాదు. తలుపులు మూసి అరగంట ఆగాలి, ఎందుకంటే నేటి కార్లలోని కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. ఆపైన 50 మిల్లీ ఆంపియర్ల లోపు కనిపిస్తే సాధారణంగా భయం లేదు. అంతకు మించితే ఒక్కొక్క ఫ్యూజును తీసి చూడాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. తీగ విప్పడం ఇష్టం లేనివారికి క్లాంప్ మీటరు ఉంది. అయితే మామూలు రకం ఏసీని మాత్రమే కొలుస్తుంది. కారుకు 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రంపై పనిచేసే డీసీ రకం కావాలి. మెకానిక్కుల టెస్ట్ లాంపు కరెంటు ఉన్నదని చెబుతుందే కాని ఎంతో చెప్పదు.

ఇంజను నడుస్తుండగా వచ్చే ముప్పు వేరు. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని స్థానంలో 100 వాట్లది పెడితే 8 దాటుతుంది. తీగలోని వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక దాదాపు మూడింతలవుతుంది. ఫ్యూజు పోతున్నదని పెద్దది వేస్తే, ఇక కాలవలసింది తీగే.

ఇంజను ఆగినా పనిచేయనవసరం లేని పరికరాన్ని, తాళం తీయగానే కరెంటు ఆగిపోయే తీగకు కలపడం మేలు. నిలిపి ఉంచిన కారును కాపలా కాయవలసిన కెమెరాకైతే, బ్యాటరీ వోల్టేజీ నిర్ణీత హద్దుకు తగ్గగానే కరెంటును తెంచే చిన్న యంత్రం ఒకటి అమర్చుకోవాలి.