ఓడేది కన్నా? మాటా?

కంప్యూటర్ గేములు పిల్లల్ని పాడు చేస్తాయని పెద్దలు అంటారు. అన్ని గేములూ ఒకటి కావని నా అభిప్రాయం.

వేసవి సెలవుల్లో అమీర్‌పేటలో మా అన్న గదిలో ఉన్నా. అన్న మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. ఆయన కంప్యూటర్లో 'మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్' ఆడాను. అమెరికాలోని బిగ్ ఫిష్ గేమ్స్ కంపెనీ 2005లో తెచ్చిన ఆట ఇది. బొమ్మ నిండా సామాన్లు, పక్కన పేర్ల జాబితా. టైము అయిపోయేలోగా ఒక్కొక్కటీ వెతికి పట్టాలి.

ఇలాంటి ఆట మంచిదో కాదో ఎట్లా చెప్పాలి? నా లెక్క ఒకటే. వస్తువు దొరికాక "అరే, ఇక్కడే ఉందిగదా!" అనిపించాలి. చీకట్లో గోరంత చేసి దాస్తే అది మోసం. ఎక్కడబడితే అక్కడ నొక్కి గెలవగలిగితే అది ఆటే కాదు.

ఇంకో సంగతి. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది. కొడవలి కళ్ళెదుటే ఉన్నా 'సికిల్' అంటే తెలియనివాడు ఓడిపోతాడు. ఆకుల్లో దాగిన పిట్టను పట్టే కళ్ళు మనవి! ఓడేది కన్ను కాదు, మాట. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా కోచింగు బోర్డులు చూసినా అంతే. 'జావా', 'టెస్టింగ్' అంటే ఏమిటో తెలిసినవాడికే తన బోర్డు కనబడుతుంది.

కాబట్టి వార్డెన్ సారుకు మనవి: ఆదివారం అరగంట ఈ ఆట ఆడనివ్వండి, పక్కన డిక్షనరీ పెట్టుకుంటాం. మిత్రులారా, రేపు మనలో కంప్యూటర్ చదివినవాళ్ళు మన మాటలతో జాబితా ఉన్న ఆట తయారు చేయాలి. అప్పుడు చూద్దాం, ఎవరు ముందు కనిపెడతారో!