ఎవరు చూడొచ్చారు!

"ఎవరు చూడొచ్చారులే!" అనే మాట ఒకటుంది మనలో. కుచ్చిళ్ళ లోపల చిరుగుంటే ఎవరు చూడొచ్చారు? మంచం కింద దుమ్ముంటే ఎవరు చూడొచ్చారు? అంతవరకూ నాకేం పేచీ లేదు. ఆ మాటని తీసుకెళ్ళి వెబ్‌సైట్లు రాసే ఆఫీసుల్లో పీట వేసి కూర్చోబెట్టారే, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, ప్రోగ్రాముల సంగతి నీకెందుకమ్మా అంటారు కాబోలు. ప్రోగ్రామూ రాతే కదండీ! ఎంత గజిబిజిగా రాసినా తప్పు లేకపోతే యంత్రం తీసుకుంటుంది. తిప్పలన్నీ రేపు దాన్ని తెరిచి చదవాల్సిన మనిషివి. ఆ మనిషి కొత్తగా ఉద్యోగంలో చేరిన మీ అమ్మాయో, మా ఆడపడుచు కూతురో అయివుంటుంది.

2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు మారాయి, గుర్తుంది కదూ? నెయ్యి మీద 12 శాతం 5 అయింది. షాంపూ, టూత్‌పేస్టు 18 నించి 5కి దిగాయి. మనం సంతోషించాం. ఇప్పుడు ఇంటర్నెట్లో సరుకులమ్మే ఓ దుకాణం ప్రోగ్రాముని ఊహించుకోండి. పన్ను లెక్క ఒక్కచోట రాసి, బిల్లూ రసీదూ అన్నీ అక్కణ్ణించే తెచ్చుకునేలా చేస్తే, ఆ ఒక్కచోట దిద్దితే సరి. అలా కాక అదే లెక్కని కాపీ కొట్టి పాతిక చోట్ల అతికిస్తే? ఇరవైనాలుగు దిద్ది ఒకటి మర్చిపోతే సరుకు దగ్గర ఓ ధర, బిల్లులో ఇంకో ధర! తిట్లు మాత్రం రాత్రంతా మేలుకుని దిద్దిన పిల్లకి. అతికించిన మహానుభావుడు అప్పటికి ఇంకో కంపెనీలో ఇంతకంటే పెద్ద జీతం మీద ఉంటాడు.

ఒక్కచోట రాయమన్నాను కదా అని, ఒకేలా కనిపించినవన్నీ ఒక గాటన కట్టెయ్యకూడదు. నెయ్యికీ 5, షాంపూకీ 5 కదా అని రెంటికీ కలిపి 'అయిదు' అని పేరు పెట్టారనుకోండి. రేపు నెయ్యి ఒక్కటే మారితే? హార్లిక్స్ సీసాలో పసుపు పోసుకున్నట్టే. పోసినావిడకి తెలుసు, కొత్తగా వచ్చిన కోడలికెలా తెలుస్తుంది? 'నెయ్యి పన్ను' అని పెడితే ఏం పోయింది?

ఈ బుద్ధి కొత్తదేం కాదు. పేజీల రంగులూ, అక్షరాల సైజులూ ఒకచోట రాసి అన్ని పేజీలకీ వాడుకునే సి.ఎస్.ఎస్. పద్ధతిని నార్వే దేశస్థుడు హోకన్ వియం లీ 1994లోనే ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణంగా స్థిరపడింది.

అలాగని ప్రతిదానికీ పక్కింటి అరువు మీద బతకమనడం లేదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరసల తునకని దాని రచయిత వెనక్కి తీసేసుకుంటే, ఎక్కడెక్కడో వేలాది ప్రాజెక్టుల పని ఆగిపోయింది. ఇంతకీ అది చేసేదల్లా మాటకి ఎడమపక్కన ఖాళీలు నింపడం! చిటికెడు ఉప్పు కూడా అరువేనా?

ఇక వరస ముందు రెండు ఖాళీలు వదలాలా, నాలుగా అని పెద్ద పెద్దవాళ్ళే కొట్టుకుంటారట. ఏదైనా ఒకటే. కానీ ఇంటిల్లిపాదీ ఒక్కటే పాటించాలి. ఆ సర్దుడు పని చేసిపెట్టడానికి ప్రెటియర్ లాంటి పనిముట్లు ఉండనే ఉన్నాయి. ఇంకా వంకలెందుకు?

శుభ్రంగా రాద్దామన్న అమ్మాయిని "చాదస్తం" అని నవ్వుతారు. టైము లేదంటారు. కస్టమరుకి కనపడదుగా అంటారు. ఈ మాటలు మనకి కొత్తా? సర్దిన ఇల్లు ఎవరి కళ్ళకీ ఆనదు, సర్దకపోతేనే అందరికీ కనిపిస్తుంది. సర్దేవాళ్ళ గంటలు ఎవరి లెక్కలోకీ రావు. ఒకడు ఆదా చేసుకున్న పది నిమిషాలకి ఇంకొకరు పది రాత్రులు చెల్లించడం ఏం న్యాయం?

మీ పిల్లలు ఈ ఉద్యోగాల్లో ఉంటే "పనయిందా నాన్నా?" అని అడిగి ఊరుకోకండి. "నీ వెనక వచ్చే పిల్లకి అర్థమవుతుందా?" అని కూడా అడగండి. చూడొచ్చేది ఆ పిల్లే.