మృదు గామా కిరణాలు – ఒక ప్రత్యక్ష సాక్షి

క చ ట త పలు పరుషాలు, గ జ డ ద బలు సరళాలు అని ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పినవాణ్ణి. ‘మృదు గామా కిరణాలు’ అన్న మాట చూడగానే నవ్వు వచ్చింది. గామాలో గకారం సరళమే గాని, ఆ కిరణాలలో మృదుత్వమేమీ లేదు. కంటికి కనిపించే వెలుగు కణంకంటే వీటి ఒక్కొక్క కణానికి సుమారు లక్ష రెట్లు, ఆపైన శక్తి. ఇంకా తీవ్రమైన గామాలతో పోల్చినప్పుడే ఈ మెత్తని పేరు.

వీటికోసం అమెరికాలో ‘కోసి’ అనే దూరదర్శిని సిద్ధమవుతున్నది. నాసా దానిని 2021లో ఎంపిక చేసింది. 2027లో ప్రయోగించాలని సంకల్పం. ఇది ఆలస్యంగానైనా జరుగుతున్న మంచిపని అని నా అభిప్రాయం.

నక్షత్రాలను గూర్చి మనకు తెలిసినదానిలో అధికభాగం అనుమాన ప్రమాణమే. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, పైకి వచ్చిన వెలుగును చూచి లోపలి సంగతి ఊహిస్తాము. ఈ కిరణాలలో కొన్ని అట్లా కాదు. అణుకేంద్రం క్షీణించినప్పుడు పుట్టి, ఆ మూలకపు ముద్రతోనే వస్తాయి. 1.809 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం అల్యూమినియం-26 ముద్ర. దాని అర్ధజీవితకాలం సుమారు 7 లక్షల ఏళ్ళు. పాలపుంత వయస్సు వెయ్యికోట్ల ఏళ్ళకు పైమాట. ఆదిలో పుట్టినదైతే ఎన్నడో నశించి ఉండాలి. నేటికీ కనిపిస్తున్నదంటే మూలకాల సృష్టి ఇంకా సాగుతున్నదన్నమాట. (ఇందులోనూ అనుమానం కొంత ఉన్నదని తార్కికులు అనవచ్చు. ఒప్పుకుంటాను.) 2014లో ఎం82 గెలాక్సీలో పేలిన నక్షత్రం నుండి కోబాల్టు-56 కిరణాలను ఐరోపావారి ఇంటెగ్రల్ పట్టుకున్నది. అటువంటి విస్ఫోటనాల వెలుగుకు మూలం ఆ క్షయమే అన్న దశాబ్దాల ఊహకు అప్పుడు సాక్ష్యం దొరికింది.

ఇంతటి సాక్షిని ఎట్లా ఆదరించారు? 1991లో వెళ్ళిన కాంప్టన్ వేధశాలను, ఒక గైరోస్కోపు చెడిన కారణాన, 2000 జూన్‌లో సముద్రంలో కూల్చివేశారు. అదుపు తప్పి జనావాసాలమీద పడునేమోనన్న భయం న్యాయమే. తగిన వారసుణ్ణి సిద్ధం చేయకపోవడం న్యాయమా? 2002లో వెళ్ళిన ఇంటెగ్రల్ ఆ లోటును కొంత పూరించింది. 2025 ఫిబ్రవరిలో అదీ పరిశీలనలు ముగించింది.

పని కష్టమైనదే, కాదనను. ఈ కిరణాలను మామూలు అద్దాలతో ఒకచోటికి కూర్చలేము. కోసిలోని జెర్మేనియం పలకలలో కిరణం ఒకచోట ఎలక్ట్రానును తాకి దారి మళ్ళి, మరొకచోట ఆగుతుంది. ఆ తావులను, అక్కడ విడిచిన శక్తిని కొలిచి, వచ్చిన దిక్కును గణిస్తారు. అదీ బిందువుగా కాదు, ఆకాశంలో ఒక వలయంగా తెలుస్తుంది. అనేక వలయాలు కలిసినచోట మూలం. భౌతికశాస్త్రం చదివిన మిత్రులు నా మాటలలో దోషముంటే దిద్దగలరు.

పాలపుంత నడిబొడ్డున ఎలక్ట్రానులూ పాజిట్రానులూ కలిసి నశిస్తున్న జాడ 1970లలోనే దొరికింది. అన్ని పాజిట్రానులు ఎక్కడివో నేటికీ తేలలేదు. నేను ఎదురుచూచేది ముఖ్యంగా ఇందుకే.

అయితే కోసి చిన్నది. ఐరోపాలో ‘ఈ-ఆస్ట్రోగామ్’ వంటి పెద్ద ప్రతిపాదన ఎంపిక కాలేదు. రంగురంగుల ఛాయాచిత్రాలు పంపే దూరదర్శినులకున్న ఆదరణ వీటికి లేదు. కోసికి నిర్ణయించిన ప్రధాన పరిశీలనకాలం రెండేళ్ళు. ఆ తరువాత ఈ కిటికీ దగ్గర ఎవరు నిలబడతారో, అది ఎగరకముందే నిర్ణయించాలి.