ట్రాక్టరు రైతుది, తాళం కంపెనీది

సరుకు అమ్మి సొమ్ము చేసుకున్నాక కూడా దాని మీద పెత్తనం వదలకపోవడం గుత్త కంపెనీల కొత్త ఎత్తుగడ. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్ల వ్యవహారమే దీనికి ఉదాహరణ.

ఈనాటి పెద్ద ట్రాక్టర్లు, కోత మిషన్లు కంప్యూటర్లతో నడుస్తాయి. వాటిలోని సాఫ్టువేరుకు కంపెనీ తాళం వేసింది. కొన్ని భాగాలు చెడితే రైతు కొత్తవి కొని బిగించుకున్నా బండి కదిలేది కాదు. డీలరు మనిషి వచ్చి తన సాఫ్టువేరుతో ఒప్పుకోవాల్సి వచ్చేది. ఊరి మెకానిక్కుకు ఆ పూర్తి సాఫ్టువేరు దొరికేది కాదు. కోతల రోజుల్లో చేను ఆగదు కదా! అందుకే డీలరు అడిగినంత కట్టాల్సి వచ్చేది. కొన్నవాడికి సాఫ్టువేరును వాడుకునే అనుమతి మాత్రమే ఉంటుందని ఈ కంపెనీ 2015లో అక్కడి కాపీరైటు ఆఫీసు ముందు వాదించింది.

రైతులు ఊరుకోలేదు. కొందరు ఉక్రెయిన్ నుంచి తాళం విప్పిన సాఫ్టువేరు తెచ్చుకున్నారని 2017లో వార్తలొచ్చాయి. అది ఆ పూటకు గట్టెక్కే ఉపాయమే. 2023 జనవరిలో అక్కడి పెద్ద రైతు సంఘం ఫార్మ్ బ్యూరో కంపెనీతో ఒప్పందం చేసుకుంది. రిపేరు పరికరాలు, సమాచారం ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. చట్టాల కోసం పట్టుబట్టబోమని సంఘం ఒప్పుకుంది. కంపెనీ ఇచ్చింది మాట, తీసుకున్నది రైతు చేతిలోని ఆయుధం. ఆ ఏప్రిల్‌లోనే కొలరాడో రాష్ట్రం రిపేరు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. ఒప్పందమైన రెండేళ్లకు, 2025 జనవరిలో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రెండు రాష్ట్రాలు కంపెనీపై కోర్టుకెక్కాయి. పూర్తి రిపేరు సాఫ్టువేరు డీలర్లకే ఇస్తోందన్నది ఆరోపణ. మాటతో పని జరిగి ఉంటే కోర్టు దాకా ఎందుకు పోతుంది?

ట్రాక్టరు లేని కూలోళ్లకు దీంతో ఏం పని అనుకోవద్దు. రిపేరు ఖర్చు యజమాని జేబులో ఆగదు. మిషను కిరాయిగా కౌలు రైతు మీద పడుతుంది, అక్కడి నుంచి కూలి రేట్లకు కోతవుతుంది. మిషను నిలిస్తే డ్రైవరుకు, మూటలు మోసేవాళ్లకు పని పోతుంది. ఊరి మెకానిక్కుకు బతుకే పోతుంది.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. బీటీ పత్తి విత్తనంలోని జన్యువు మీద మోన్సాంటో ఇలాగే రుసుము గుంజింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటింది. రైతు సంఘాలు ఆందోళన చేశాయి, రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషనుకెక్కింది. 2006లో ధర 750కి దిగింది. కంపెనీ దయతో దిగలేదు, కలిసి కొట్లాడితే దిగింది.

కేంద్రం 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసింది, డిసెంబరులో వెబ్‌సైటు తెరిచింది. వ్యవసాయ పరికరాలూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ వెబ్‌సైటు హక్కు కాదు. విడిభాగాలు, రిపేరు పుస్తకం, సాఫ్టువేరు ఊరి మెకానిక్కుకు ఇచ్చి తీరాలని చట్టం కావాలి. ఈలోగా మిషను కొనేవాళ్లు, ముఖ్యంగా కలిసి కొనుక్కునే సంఘాలు, బయట రిపేరు చేయించుకోవచ్చా అని డీలరును అడిగి జవాబు కాగితం మీద రాయించుకోవాలి. రాసివ్వనంటే ఆ బండికి తాళం ఉందనే లెక్క.