బండి కదలకముందే గాలి, పాట సరిచేసుకోండి



మన ఆసుపత్రికి ఒకప్పుడు ఎక్కువ మంది ఆర్టీసీ బస్సుల్లో, జీపుల్లో, ఆటోల్లో వచ్చేవారు. ఇప్పుడు కార్లలో వచ్చేవారు బాగా పెరిగారు. సొంత కారు లేకపోయినా పక్కింటివారిదో, కిరాయిదో దొరుకుతున్నది. అందరూ ఎక్కగానే అద్దాలు పైకి లేస్తాయి, ఏసీ మొదలవుతుంది, పాటలు మోగుతాయి. ఎవరూ ఎవరినీ అడగరు. వనపర్తి నుండి వచ్చినా, పెబ్బేరు నుండి వచ్చినా, పెద్ద పరీక్షల కోసం హైదరాబాద్‌కో కర్నూలుకో వెళ్ళినా ఇదే వరుస.

ఈ విషయంలో మా నర్సుల అభిప్రాయం ఇది. ఏసీ ఎంత ఉండాలి, గాలి ఎటు రావాలి, రేడియో ఎంత మోగాలి అన్నది బండి కదలకముందే నిర్ణయించుకోవాలి. బండిలో ఉన్నవారిలో అందరికంటే బలహీనంగా ఉన్నవారిని చూసి ఆ నిర్ణయం చేయాలి. బండి కదిలాక నడిపేవారు ఆ మీటల జోలికి పోకూడదు. పక్క సీట్లో కూర్చున్నవారే చూసుకోవాలి. ఇంత చిన్న సంగతికి ఒక వ్యాసమా అనుకోకండి. దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

పసిబిడ్డకు చల్లగాలి

ఎండాకాలంలో బాలింత డిశ్చార్జి అయి ఇంటికి బయలుదేరుతుంది. బయట 42 డిగ్రీల ఎండ. డ్రైవరు తమ్ముడు మంచి మనసుతోనే ఏసీని చివరికంటా పెంచుతాడు. ఆ గాలి నేరుగా బిడ్డ తల మీద పడుతుంది. పెద్దవాళ్ళకు హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు.

పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అందుకే కాన్పు గదిని 25 నుండి 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత జాగ్రత్తగా కాపాడిన బిడ్డను 18 డిగ్రీల గాలిలో గంటసేపు తీసుకుపోతే ఏం లాభం? నెలలు నిండకుండా పుట్టినవారు, బరువు తక్కువ ఉన్నవారు ఇంకా త్వరగా చల్లబడతారు. అరికాళ్ళు, పొట్ట చల్లగా తగలడం, పాలు సరిగా చప్పరించకపోవడం, మందంగా పడి ఉండడం దానికి గుర్తులు.

బాలింతను, బిడ్డను వెనుక సీట్లో కూర్చోబెట్టండి. వారు ఎక్కకముందే తలుపులు తెరిచి వేడిగాలి పోనివ్వండి. ఏసీ 26 డిగ్రీల దగ్గర పెట్టండి. అంకెలు లేని బండిలో చల్లదనం మీటను మధ్యలో ఉంచండి. గాలి వచ్చే జాలీలను పైకి తిప్పండి. బిడ్డకు టోపీ, మేజోళ్ళు వేయండి, ముఖం మాత్రం కప్పకండి. దారిలో ఒకటి రెండుసార్లు తల్లి బిడ్డ పొట్టను తాకి చూడాలి. ముసలివారికి, ఆయాసం ఉన్నవారికి కూడా ఎదురుగాలి తగలకుండా చూడాలి. చల్లని బండిలో నుండి ఒక్కసారిగా ఎండలోకి దిగితే బలహీనులకు కళ్ళు తిరగవచ్చు. కాబట్టి దిగడానికి ఐదు నిమిషాల ముందే ఏసీ తగ్గించండి.

లోపలే తిరిగే గాలి

ప్రతి ఏసీ కారులో ఒక మీట ఉంటుంది. దాని మీద కారు బొమ్మ, ఆ బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం గుర్తు ఉంటాయి. అది నొక్కితే బయటి గాలి రావడం ఆగి లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. బండి త్వరగా చల్లబడుతుంది, లారీ పొగ, దుమ్ము లోపలికి రావు. ఆ మేరకు మంచిదే. అయితే చాలామంది దానిని ఒకసారి నొక్కి హైదరాబాద్ చేరేదాకా అలాగే ఉంచుతారు.

నలుగురైదుగురు మూసిన బండిలో కూర్చుంటే వారు వదిలిన గాలినే వారు పీలుస్తారు. బయటి గాలిలో కంటే కార్బన్ డయాక్సైడ్ అరగంటలోనే కొన్ని రెట్లు పెరుగుతుంది. తల బరువెక్కి మత్తుగా ఉంటుంది. ఆ మత్తు నడిపేవారికీ వస్తుంది. ఆ గాలిలో ఎవరి దగ్గు తుంపరలు ఉన్నా అందరికీ పంచబడతాయి. కోవిడ్ వచ్చిన 2020లో కారు అద్దాలు దించమని చెప్పింది ఇందుకే. క్షయవ్యాధి కూడా గాలి ద్వారానే అంటుతుంది. తెమడ పరీక్షలో క్షయ ఉన్నట్లు తేలి ఇంకా మందులు మొదలుపెట్టని మనిషిని ఏసీ బండిలో అద్దాలు మూసి తీసుకురాకండి. ఆ మనిషిని దూరం పెట్టమని మేము అనడం లేదు. పక్కనే కూర్చోండి, రోగి మాస్కు కట్టుకోవాలి, అద్దాలు దించి ఉండాలి. ఎండ ఎక్కువైతే పొద్దున్నే బయలుదేరండి.

మిగతా ప్రయాణాలలో బండి చల్లబడిన తరువాత ఆ మీట తీసేసి బయటి గాలి రానివ్వండి. వానాకాలంలో ముందు అద్దం లోపలి వైపు మసకబారినప్పుడు కూడా ఇదే మందు. ఏసీ వేసి, బయటి గాలి తెరిచి, గాలిని అద్దం మీదకు తిప్పితే మసక పోతుంది. నడుపుతూ గుడ్డతో తుడవడం ప్రమాదం. ఏసీ గాలిని వడకట్టే ఫిల్టరు చాలా కార్లలో ముందు సీటు ఎదుట ఉండే అరకు వెనుక ఉంటుంది. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు దానిని తీసి చూపించమని అడగండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే తప్పక మార్పించండి.

ఆగి ఉన్న బండి

నడిచే బండి కంటే ఆగి ఉన్న బండి గురించే మాకు ఎక్కువ భయం.

2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కి బయటికి రాలేక చనిపోయారు. మరుసటి నెల విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే చనిపోయారు. ఇవి ఎక్కడో జరిగిన సంగతులు కావు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి గంటలో సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందని 2005లో అమెరికా వైద్యులు కొలిచి చెప్పారు. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం కొంచెం దించి ఉంచినా పెద్దగా తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవారికంటే ఎంతో త్వరగా వేడెక్కుతుంది.

కాబట్టి నిద్రపోయిన బిడ్డను లేపడం ఎందుకని కారులో వదిలి ఓపీ చీటీ కోసం రావద్దు. ఆదివారం ఆరాధన జరుగుతున్నప్పుడు చర్చి ఆవరణలో కూడా వదలవద్దు. బిడ్డ నిద్ర చెడినా ఫరవాలేదు, చంకన వేసుకుని రండి. ఏసీ నడుస్తోంది కదా అని వదలడం కూడా తప్పే. ఇంజిను ఆగిపోతే ఏసీ చల్లదనం ఆగిపోతుంది. ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వేసి, తాళం చెవి పిల్లలకు అందనిచోట పెట్టండి. బిడ్డ కనిపించకపోతే ముందు కార్లలో వెతకండి. కారులో వేడికి సొమ్మసిల్లిన బిడ్డ దొరికితే నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు చల్లి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి. 108కి ఫోన్ చేయండి.

రెండవది కార్బన్ మోనాక్సైడ్. ఇంజిను పొగలో ఉండే ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి. నిద్రలో ఉంటే అవి కూడా తెలియవు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన వాహనంలో ఏసీ పెట్టుకుని పడుకున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు పొగ లోపలికి చేరింది. కారులోనూ పొగ గొట్టం పగిలినా, గోడ పక్కన లేక మూసిన షెడ్డులో ఇంజిను నడిపినా అదే జరుగుతుంది. రోగిని తెచ్చిన డ్రైవర్లు రాత్రిపూట ఆసుపత్రి బయట ఏసీ వేసుకుని, అద్దాలు మూసుకుని పడుకోవడం మానుకోవాలి.

ఇక్కడ మా పనికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. వేలికి తగిలించే ఆక్సిమీటరు ఈ విషవాయువును గుర్తించలేదు. మనిషి ప్రాణాపాయంలో ఉన్నా అందులో అంకె బాగానే కనిపించవచ్చు. అందుకే రోగిని తెచ్చినవారు మొదటి మాటగా, మూసిన బండిలో ఇంజిను నడుస్తూ ఉండగా దొరికాడని మాకు చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆక్సిజన్ పెట్టడం ఆలస్యం కాదు.

అద్దాలు మూసిన బండి నుండి బయటపడడం ఎంత కష్టమో మన మండలానికి వేరేవాళ్ళు చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మన పాలెం దగ్గర, బెంగళూరు నుండి హైదరాబాద్ వెళ్తున్న ఏసీ బస్సు కల్వర్టును తగిలి మంటల్లో చిక్కుకుంది. 45 మంది చనిపోయారు. ఏసీ బస్సు ఎక్కిన వెంటనే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగులగొట్టే సుత్తి ఎక్కడుందో చూసుకోండి. కారులో కూడా అటువంటి సుత్తి ఒకటి చేతికందే చోట పెట్టుకోవడం మంచిది.

రేడియో మీట ఎవరి చేతిలో?

మేము పాటలకు వ్యతిరేకులం కాము. నొప్పితో ఉన్న రోగికి మెల్లగా వినిపించే పాట, వార్తలు కొంత ఊరట. మా అభ్యంతరం మీట తిప్పే చేతి గురించే. ఎఫ్ఎం స్టేషను ఊరు దాటి దూరం పోయినకొద్దీ గరగరమంటుంది. అప్పుడు నడిపేవారి చెయ్యి వేరే స్టేషను వెతుకుతుంది, చేతి వెనుకే కళ్ళు కూడా పోతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కళ్ళు పక్కకు తిరిగితే బండి 44 మీటర్లు చూపు లేకుండా పోయినట్లే. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ దూరంలో ఒక బర్రె, ఒక ట్రాక్టరు, అడ్డంగా దాటే ఒక ముసలమ్మ రావచ్చు.

కంపెనీ బిగించిన ఏసీతో మొదట వచ్చిన కార్లు అమెరికాలో 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లు. వాటిలో ఏసీని పూర్తిగా ఆపాలంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసరు బెల్టు తీయవలసి వచ్చేది. ఇప్పుడు ఏసీ, రేడియో రెండూ టచ్ స్క్రీన్ మీదికి వచ్చాయి. పాత మీటను చూడకుండా తడిమి తిప్పవచ్చు, స్క్రీన్‌ను చూడకుండా నొక్కలేము. 2020లో బ్రిటన్‌లోని టీఆర్ఎల్ అనే రవాణా పరిశోధన సంస్థ పరీక్షించినప్పుడు, ఇటువంటి స్క్రీన్ తాకుతూ నడిపినవారు ప్రమాదాన్ని గమనించి స్పందించే సమయం సగానికి పైగా పెరిగింది. అక్కడి చట్టం ఒప్పుకునే హద్దు వరకు మద్యం తాగినవారిలో కూడా అంత పెరగలేదు. తాగి నడిపేవారి బండి మనం ఎక్కము. స్క్రీన్ చూస్తూ నడిపేవారి బండిలో మాత్రం మాట్లాడకుండా కూర్చుంటాము.

డ్రైవర్లు చెప్పే జవాబు మాకు తెలుసు. "సిస్టర్, పాటలు పెద్దగా పెట్టి, చల్లగాలి ముఖానికి తిప్పుకుంటేనే నిద్ర రాదు" అంటారు. రాత్రంతా రోగిని మోసుకు తిరిగే వారి కష్టం నిజమైనది. కాని ఈ ఉపాయాన్ని ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం వారు పరీక్షించి 1998లో ఫలితం ప్రకటించారు. చల్లగాలి, రేడియో రెండూ కొద్దిసేపటి ఊరటే, నిద్రను ఆపలేవు. నిద్రకు మందు నిద్రే. పెట్రోలు బంకు దగ్గరో, ధాబా దగ్గరో బండి ఆపి, ఇంజిను ఆపి, అద్దాలు దించి పావుగంట కునుకు తీసి, చాయ్ తాగి బయలుదేరాలి. రోగి బంధువులు కూడా తొందరపెట్టకుండా ఆ పావుగంట ఇవ్వాలి. ఒకవేళ రోగి పరిస్థితి ఆగలేనిదైతే అలసిన డ్రైవరును నమ్ముకోకుండా 108ని పిలవండి. పాట ఎంత పెద్దగా ఉంటే వెనుక వచ్చే 108 సైరను అంత ఆలస్యంగా వినబడుతుందని కూడా మరవకండి.

ఇంటివారందరికీ మా మనవి

బండి ఎక్కాక తాళం చెవి తిప్పే ముందు ఒక నిమిషం ఆగండి. వెనుక కూర్చున్న అమ్మమ్మను, బాలింతను అడగండి: "గాలి సరిపోయిందా? చప్పుడు ఎక్కువైందా?" వారు చెప్పినట్లు పెట్టండి. ఆ తరువాత మీటలను పక్క సీటువారికి అప్పగించండి. నడిపేవారు ఒక్కరే ఉంటే, మార్చాలనుకున్నప్పుడు బండి పక్కకు ఆపి మార్చండి.

మన ఇళ్ళలో కోడళ్ళు, ముసలివాళ్ళు, కిరాయి బండిలో వచ్చే పేదవారు చలి పెడుతున్నా, చెవులు నొప్పి పుడుతున్నా బండి వారిని ఏమీ అనలేరు. వారు అడిగేదాకా చూడకుండా మనమే అడగాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇన్సులిన్, ఇతర మందుల సంచిని ఎండలో ఆగిన కారులో వదలకండి, వెంట తెచ్చుకోండి. పైలంగా రండి, పైలంగా ఇల్లు చేరండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున